చిక్కుడుకాయల వైద్యం

ఆ రోజుల్లో లావుగా ఉండడం ఒక హోదా. ఇప్పటి పిల్లలు నడుముకి టేపు చుట్టి కొలుచుకుని దిగులుపడుతుంటే నాకు నవ్వొస్తుంది గాని, సముద్రం అవతలి దీవిలో, లెస్కాలియే ఊరి చుట్టూ ఉన్న చెరుకు తోటల కూలీ కేంపుల్లో మేము బతికిన కాలంలో, ఎముకలు కనపడని మనిషి ఎదురొస్తే జనం ఆగి మరీ పలకరించేవారు. అలా పలకరింపులు అందుకున్న మనిషిని నేను. (ఆ ఘనతలో నా వాటా తక్కువ. అంతా మా అమ్మదీ, మా ఆవుదీ.) నాన్న చలిజ్వరంతో నెలల తరబడి చిక్కి శల్యమై, చివరికి చెరుకు వరసల మధ్య పార చేతిలో ఉండగానే కూలిపోయాడట. నేనప్పటికి బాగా చిన్నవాణ్ణి. అప్పట్నించీ మా అమ్మకు లోకంలో రెండే భయాలు: నేను చిక్కిపోతానేమోనని ఒకటి, నా చేతికి పార వస్తుందేమోనని రెండోది. మొదటి భయానికి ఆవిడ దగ్గర మందుంది, నెయ్యి. పాలు అమ్మగా మిగిలిన మీగడంతా ఏదో ఒక రూపంలో నా కంచంలోకే చేరేది. మీసాలు వచ్చే వేళకి నా అసలు పేరు కేంపులో ఎవరికీ గుర్తులేదు. పంచదార కూరిన బస్తాలా ఉన్నానని అందరూ నన్ను 'గోనె' అనేవారు, నేనూ పలికేవాణ్ణి.

రెండో భయానికి మందు మా మావ. మావ అంటే అమ్మ తమ్ముడు, ఆ తోటలోనే సిర్దారు, అంటే కూలీల మీద మేస్త్రీ. మిల్లుకీ పొలాలకీ మధ్య కంచరగాడిద మీద తిరుగుతూ, ఎక్కడ బళ్ళు కావాలో ఎక్కడ కోత ఆగిందో కబుర్లు చేరవేసే ముసలాయన ఆ ఏడు మోకాళ్ళు పట్టేసి పని మానుకున్నాడు. ఆ చోటికి మావ, తోటను నడిపే పెద్దదొర దగ్గర నా పేరు చెప్పాడు. ఆ పని దొరికితే జన్మలో పార ముట్టుకోనక్కర్లేదు. దొరక్కపోతే కోతల మొదటి రోజు నుంచే పార భుజాన వేసుకుని కూలీల వరసలో నిలబడాలి. మా అమ్మ ఆ కంచరగాడిదకు మనసులోనే పసుపూ కుంకాలూ పెట్టి దణ్ణం పెట్టుకుంది.

ఆ కంచరగాడిద పేరు మదాం, అంటే దొరసాని. ఎవరు పెట్టారో గాని తెలిసినవాళ్ళే పెట్టారు. పెద్దదొర వరండాలో నిలబడి చూస్తుండగా నేను రాయి మీదికెక్కి, అక్కణ్ణించి దాని వీపు మీదికి చేరాను. మదాం మెడ తిప్పి నన్నోసారి చూసింది. తర్వాత ముందుకాళ్ళు మడిచింది, ఆ తర్వాత వెనక్కాళ్ళు మడిచింది, పీటల మీద పెళ్ళికూతురు కూర్చున్నంత నిదానంగా కూర్చుంది. దిగడానికి నేనేమీ చెయ్యక్కర్లేకపోయింది, నా కాళ్ళు అప్పటికే నేలమీదున్నాయి. దాన్ని లేపుదామని కళ్ళెం పట్టుకుని కాసేపు గుంజి, ఆయాసం తన్నుకొచ్చి దాని పక్కనే నేనూ కూలబడ్డాను. కేంపు కేంపంతా విరగబడి నవ్వింది. పెద్దదొర మాత్రం నవ్వలేదు, అందుకే నాకు గుండె జారింది. కోతలు మొదలయ్యే పొద్దున మళ్ళీ చూస్తాననీ, అప్పుడు కూడా అది కూర్చుంటే నాకు పారేననీ, ఈలోగా డాక్టరుకి చూపించుకొమ్మనీ మావతో చెప్పి లోపలికెళ్ళిపోయాడు.

అది నా బరువుకి కూర్చుందని పసిపిల్లలకు కూడా తెలుసు, మా అమ్మకు తప్ప. "దానికి ఆకలేసి కూకుండిపోనాది నాయినా. ఆ దొర పశువుకి తిండెట్టడు. బలమున్న మడిసి ఎక్కితే ఎక్కడైనా గాడిద కూకుంటాదేటి?" అంది. నా ఆయాసం సంగతి మాత్రం ఆవిడకు గుచ్చుకుంది. ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని తోట ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు దొర నా పొట్ట నొక్కాడు, వీపు మీద తట్టాడు, గొట్టం పెట్టి గుండె విన్నాడు. చివరికి మాకర్థం కావాలని ఫ్రెంచి మానేసి, ఆ దీవి జనం మాట్లాడే క్రియోల్‌లో, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు: "తో బిజెన్ తీర్ ప్వా. తూ లెజూర్. దెయోర్, దాన్ బోన్ లేర్."

ఇక్కడ కాస్త ఆగాలి. నువ్వు రోజూ, బయట, మంచి గాలిలో, 'ప్వా' తియ్యాలి అన్నాడాయన. దొరల నోట్లో ప్వా అంటే బరువట, ఒళ్ళు తగ్గించుకోమని ఆయన మాట. ఆ సంగతి మాకేం తెలుసు? మా కేంపులో ప్వా అంటే చిక్కుడుకాయ. పుట్టి బుద్ధెరిగాక మేము విన్న ప్వా అదొక్కటే. 'తీర్ ప్వా' అంటే చిక్కుడుకాయలు కొయ్యడం. అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాకైతే కత్తి పెట్టి కొయ్యకుండా, చేదు కషాయం పొయ్యకుండా వదిలిపెట్టాడు, అదే చాలు అనిపించింది. బయటికొచ్చాక అమ్మ, "సదువుకున్నోడు కదా, ఏదో ఉంటాది. సిక్కుడు పాదు గాలికి ఊపిరి ఆడతాది కావాల," అని తేల్చేసింది.

చిక్కుడు పాదులంటే మావవే. సముద్రం వైపు దిగే వాలులో ఆయనకో ముక్క నేల ఉండేది. చెరుకు నాటేటప్పుడు ఏరి పోసిన నల్లరాళ్ళు అక్కడ గుట్టలుగా ఉంటే, వాటి మీదికి తీగలు పాకించాడు. డాక్టరు చెప్పిన వైద్యం వినగానే మావ మొహం చేటంతయింది. "దేవుడులాంటి డాక్టరే అప్పా! నా సేను దున్నమని కూడా మందు రాసిస్తే ఇంకా బాగున్ను," అన్నాడు అమ్మతో. మర్నాటి నుంచి పొద్దున్నే బుట్ట తగిలించుకుని నా వైద్యానికి నేను బయల్దేరాను.

మొదటి రోజు చెరుకు తోటల మధ్య ఎర్రబాట దాటేసరికే నాలుగుచోట్ల కూర్చున్నాను. రాతిగుట్ట ఎక్కలేక కింద అందిన కాయలు నాలుగు కోసి, ఇంత కష్టమైన మందు ఏ వైద్యుడూ ఇచ్చి ఉండడనుకున్నాను. అయితే ఆ చోట ఏముందో గాని, మూణ్ణాళ్ళకే పొద్దున్న లేస్తూనే కాళ్ళు అటే లాగడం మొదలుపెట్టాయి. పైకి ఎక్కేకొద్దీ గాలి చొక్కాలో దూరి బుడగలా పొంగించేది. గుట్ట పైనుంచి చూస్తే కింద సముద్రం నల్లరాళ్ళకు కొట్టుకుని తెల్లగా లేచిపడేది. కాయలకు నాతో పోటీగా కోతులొచ్చేవి. వాటిలో ముసలిదొకటి నేనెక్కిన గుట్ట వదిలి పక్క గుట్ట మీద కూర్చుని, నన్ను చూస్తూ నా చిక్కుళ్ళే తినేది. దాన్ని తరుముతూ ఒక గుట్ట దిగి ఇంకోటి ఎక్కేవాణ్ణి. నేనెక్కే లోపల అది మొదటి గుట్టకు వెళ్ళిపోయేది. (దానికి నా వల్ల మంచి కాలక్షేపం దొరికింది. నాకూ అంతే.) బుట్ట నిండాక కిందికి దిగి, అల వెనక్కెళ్ళినప్పుడు రాళ్ళ సందుల్లో పీతల కోసం దూకడం, అల వస్తే గావుకేక పెట్టి పరుగెత్తడం. పాటలొచ్చేవి నాకు, వచ్చేవని అప్పుడే తెలిసింది. నేను చేస్తున్నది వైద్యమన్న మాటే మరిచిపోయాను.

కొన్నాళ్ళకు పంచె జారడం మొదలైంది. ముడి గట్టిగా వేసుకున్నాను. చొక్కా భుజాల మీంచి దిగింది. గుట్ట ఎక్కి కూడా పాట ఆపకుండా పాడగలుగుతున్నాను. మావ నన్ను ఎగాదిగా చూసి, "ఒరే అల్లుడూ, ఇప్పుడు మదాం నిన్ను మోస్తాదిరా," అన్నాడు. నాకు ఏనుగెక్కినంత సంబరం. ఇంట్లో మాత్రం పొయ్యి దగ్గర అమ్మ మాటలు తగ్గిపోయాయి. కంచంలో నెయ్యి రెట్టింపైంది. నేను కోసుకొచ్చిన చిక్కుళ్ళే రోజూ కూర, అవి తిని గుట్టలెక్కితే ఏ నెయ్యి నిలుస్తుంది? ఓ సాయంత్రం నా వీపు మీద చెయ్యి వేసి పక్కటెముకలు తడిమి, ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది. "మీ నాన్నకీ ఇలాగే ముందు గూడెముకలు పైకొచ్చీసినాయి," అంది. మర్నాడు బుట్ట దాచేసింది.

మావ వచ్చి దెబ్బలాడాడు. వాడికి ఊపిరి బాగుందన్నాడు, తిండి పులిలా తింటున్నాడన్నాడు, సన్నబడితేనే మదాం మోస్తుందన్నాడు. అమ్మ వినలేదు. "జొరం కూడా మొదట్లో తెలీదురా తమ్మీ. నువ్వు సిర్దారువి, నీకు పని కావాల. నాకు గుంటడు కావాల," అంది. మావ తలపాగా తీసి దులుపుకుని వెళ్ళిపోయాడు.

కోతల పొద్దు రానే వచ్చింది. నేను స్నానం చేసి వచ్చేసరికి నాన్న పాత కోటు చేత్తో పట్టుకుని అమ్మ నిలబడి ఉంది. కోటు కింద కట్టుకోవడానికి పాత చీరతో వెడల్పాటి పటకా ఒకటి కుట్టింది. చేత్తో ఎత్తి చూస్తే బరువుగా ఉంది. లోపల ఎండిన చిక్కుడుగింజలు కూరింది, ఇంట్లో ఉన్నవన్నీ. "ఇంత సన్నంగా ఎల్తే జొరం మడిసనుకుని దొర పేరు కొట్టీస్తాడు. నిండుగా కనపడాల. కట్టుకో," అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నాళ్ళూ గుట్టలెక్కి దించుకున్న బరువంతా మళ్ళీ నడుముకి కట్టుకుని వెళ్ళమంటోంది! వద్దమ్మా అన్నాను, మదాం కూర్చుంటుందమ్మా అన్నాను. ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. అమ్మ ఏడిస్తే నేను రాజీపడిపోయే రకం. దారిలో మలుపు దగ్గర విప్పి చెరుకులోకి విసిరేద్దామని లోపల అనుకుని కట్టించుకున్నాను. అయితే అమ్మ కొంగు దోపుకుని నా వెంటే బయల్దేరింది. మలుపు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆవిడ చెయ్యి నా మోచేతి మీదే ఉంది.

మిల్లు ముంగిట్లో కూలీలంతా పారలతో, కత్తులతో వరసలు తీరారు. ఆ వరస చివర నా కోసం ఒక కొత్త పార గోడకు ఆనించి ఉంది, నా కళ్ళు దాన్ని వదలడంలేదు. పెద్దదొర ఉన్నాడు. ఆస్పత్రి రోజు కావడంతో డాక్టరు దొర కూడా గుర్రబ్బండి దిగి చూస్తూ నిలబడ్డాడు. మావ నా నడుము చూసి, ఒక్కసారిగా ఇంత పొట్ట ఎక్కణ్ణించి వచ్చిందా అని కళ్ళు తేలేశాడు. నేను రాయెక్కి మదాం మీద కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ దగ్గలేదు. మదాం కాళ్ళు కాస్త వంగాయి. నేను దాని జూలు గుప్పిట్లో బిగించాను. ముందు మోకాలు ఇంకాస్త వంగింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు మదాం మెడ వెనక్కి తిప్పి, నా పొట్ట వాసన చూసింది.

మళ్ళీ చూసింది. కోటు బొత్తాల మధ్య మూతి దూర్చి, పటకా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. పాత చీర పర్రున చిరిగింది. చిక్కుడుగింజలు జలజలా నా తొడల మీంచి, దాని పక్కల మీంచి నేలమీద పడ్డాయి. ఎంతకీ ఆగవే! ఎన్ని కూరిందో మహాతల్లి! మోకాలు తిన్నగా చేసుకుని మదాం లేచి నిలబడి, తల వంచి, ఆ గింజల్ని నెమ్మదిగా నమలడం మొదలుపెట్టింది. నేను దాని వీపు మీద ఉన్నాను, కాళ్ళు గాలిలోనే ఉన్నాయి. పెద్దదొర ఎర్రగా చూసి, ఇదేమిటని అడిగాడు. మా మావ నోరు తెరిచే లోపలే, జన్మలో దొరల ముందు నోరెత్తని మా అమ్మ ముందుకొచ్చి, డాక్టరు వైపు చెయ్యి చాపి తనకొచ్చిన క్రియోల్‌లో అరిచింది. "ఊమెమ్ దీర్ తీర్ ప్వా, దొక్తేర్! మో గార్సోన్ తీర్ ప్వా తూ లెజూర్!" చిక్కుళ్ళు కొయ్యమని నువ్వేగా చెప్పావు, నా కొడుకు రోజూ కోస్తున్నాడు, చూడు ఎలా అయిపోయాడో అని.

డాక్టరుకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆయన బండి చక్రం పట్టుకుని నవ్విన నవ్వు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. పెద్దదొరకు ఆయన ఫ్రెంచిలో చెప్తే పెద్దదొరా నవ్వాడు, మావ తెలుగులో చెప్తే కూలీల వరసలూ నవ్వాయి. గింజలు అయిపోయాక మదాం తనంతట తానే నాలుగడుగులు ముందుకేసింది. "బే, ఆలే!" అన్నాడు పెద్దదొర, ఇంకేం, వెళ్ళు అని. పార గోడకే ఉండిపోయింది. నేను గెలిచాను.

నవ్వనిది మా అమ్మ ఒక్కతే. "సన్నబడమని డాక్టరు సెప్తాడేటి?" అని మావను మళ్ళీ మళ్ళీ అడిగింది. నమ్మకం కుదరలేదు. ఆవిడ మొహం చూసి డాక్టరు నవ్వు ఆపేశాడు. నన్ను దిగమని, గుండె వినే గొట్టం తీసి ఒక కొస నా రొమ్ముకి ఆనించి, రెండో కొస ఆవిడ చెవులకు పెట్టాడు. అమ్మ బిగుసుకుపోయింది. తర్వాత కళ్ళు మూసుకుంది. చాలాసేపు విన్నది. మిల్లు మొదటి కూత వేసినా కదల్లేదు. "ఎలాగుందప్పా?" అన్నాడు మావ. "మిల్లు ఆడతన్నట్టు ఉన్నాది," అంది. గొట్టం తీసి డాక్టరు చేతికిస్తూ, ఆయనకు రాని తెలుగులోనే మెల్లగా అంది. "ఈల నాన్నకి ఎవులూ ఇలాగ ఇని సెప్పనేదు బాబూ." మావ ఆ మాట ఎవరికీ తర్జుమా చెయ్యలేదు. నేను మదాం ఎక్కి, చెరుకుల్లోకి వెళ్ళేదాకా వెనక్కి చూడలేదు. చూస్తే అందరి ముందూ ఏడ్చేవాణ్ణి.

ఇదంతా జరిగి ఎంత కాలమైందో. మదాం పోయింది, మావ పోయాడు, అమ్మ పోయింది. మదాం దిగాక మిల్లు ఆఫీసులో ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చుని పనిచేసి, పోగొట్టుకున్న బరువంతా వడ్డీతో సహా తిరిగి తెచ్చుకున్నాను. మెట్లెక్కితే ఆయాసం, నడిస్తే ఆయాసం. డాక్టరు తగ్గమంటాడు, మా ఆవిడ నెయ్యి సీసా దాచేస్తుంది, మనవలు నా పొట్ట మీద దరువేసి తాతా తగ్గాలి తాతా అంటారు. నేను నవ్వేసి సరే అంటాను. స్నానానికి వెళ్ళేముందు అద్దంలో పక్కటెముక ఒక్కటీ కనపడని ఆ ముసలి గోనెను చూసుకున్నప్పుడు మాత్రం అనిపిస్తుంది, ఇప్పుడు బాగున్నావు నాయినా అని మనస్ఫూర్తిగా అనే మనిషి ఒక్కరుంటే బాగుణ్ణు కదా అని.