కడ్డీల కింద ఖాళీ

పోయిన వారం మా మామయ్య ప్రభువునందు నిద్రించారు. కావలిలో బస్సు దిగుతుండగా ఎవరో కబురు చెప్పారు. ఏడుపు కంటే ముందు నాకు సిగ్గేసింది.

మామయ్య అమ్మకు తమ్ముడు, కట్టడాల ఓవర్సీరు. ఎవరింటికి వెళ్లినా ముందు పైకప్పు చూసి, ఆ తర్వాతే మనుషుల్ని పలకరించేవారు. పెళ్లిచూపులకొచ్చినప్పుడూ అంతేనని అత్తయ్య దెప్పేది.

బోగోలు దగ్గర, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న మా చర్చికి ఆయనే స్లాబు వేయించారు. ఊరికి కరెంటు రాకముందు మాట. ఇనుప కడ్డీలు కింద పరిచిన చెక్కలకు ఆనకుండా, మధ్యలో కాంక్రీటు దూరేందుకు అంగుళం ఖాళీ ఉండేలా సిమెంటు బిళ్ళలు పెట్టించారు. "ఇనుముకి కాంక్రీటే గుడ్డ. గుడ్డ చాలకపోతే ఉప్పుగాలి ఊరుకోదు" అనేవారు. కాంక్రీటు పోసే ముందు ప్రార్థన చేయడం మా ఆనవాయితీ. పాస్టరుగారి వెంట సంఘమంతా పైకెక్కి ఆ కడ్డీల మీదే నిలబడ్డాం. పాట మీద పాట పాడాం. కాళ్ల కింద బిళ్ళలు చిట్లి, కడ్డీలు చెక్కలకు అంటుకుపోయాయి. మామయ్య చూశారు, పెద్దల్ని దిగమనలేకపోయారు. అప్పటికే కాంక్రీటు తట్టలు పైకి వస్తున్నాయి.

కొన్నేళ్లకే కడ్డీలు తుప్పుపట్టాయి. ఒక శనివారం కప్పు పెచ్చు ఊడి ఖాళీ బల్ల మీద పడింది. మర్నాడు ఆరాధనలో మామయ్య లేచి నిలబడ్డారు.

"తప్పు నాదే. చూసి కూడా నోరు మెదపలేదు" అన్నారు.

తలలు వంచుకుని విన్నాం. తొక్కింది మేమేనని ఒక్కరమూ అనలేదు. అప్పట్నుంచి ఆయన ఆ పెచ్చు ఊడిన చోటి కిందే కూర్చునేవారు. "ఇంకోటి పడితే నా మీదే పడాల" అని నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్లం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

నిన్న సమాధి మీద సిమెంటు పలక పోయడానికి బిళ్ళలు పెట్టి కడ్డీలు పరిచారు. ప్రార్థనకని పాస్టరుగారు వాటి మీద అడుగు వేయబోయారు.

"అయ్యగారూ, ఇసకలో నిలబడి చేయండి" అంది అత్తయ్య. "ఆ పొద్దు ఆయన చెప్పలేకపోయినాడు. ఈ పొద్దు నేను చెప్తా ఉండా."

ఆయన వెనక్కి తగ్గారు. ఆయన వెనకే మేమంతా తగ్గాం. ప్రార్థన అయ్యేదాకా నేను కళ్లు మూసుకోలేకపోయాను. బిళ్ళల మీద కడ్డీలు, వాటి కింద మామయ్య అడగలేకపోయిన ఆ అంగుళం ఖాళీ, అందులో గాలికి సన్నగా కదులుతున్న ఇసక.