లోటు లేదన్న బయ్యూమి

ఈజిప్టులోని దమియెట్టా ఊళ్లో కుర్చీలకు పూలు చెక్కే బయ్యూమికి రంపం కింద రెండు వేళ్లు పోయాయి. వేళ్లతోపాటు పనీ పోయింది. నగిషీలు చెక్కిన చోటే ఇప్పుడు చెక్కపొట్టు ఊడుస్తున్నాడు. భార్యతో విడిపోయాక కూతురు హనీన్‌కి నెలనెలా కట్టాల్సిన భరణం మాత్రం మంచిరోజుల్లో వేసిన లెక్కే. కట్టలేకపోయిన పక్క దుకాణం మనిషిని పోలీసులు పని మధ్యలో పట్టుకుపోయారు. ఆనాటి నుంచి వీధిలో జీపు చప్పుడైతే చాలు, బయ్యూమికి గుండె జారిపోయేది.

భరణం తగ్గించమని అడగడానికి నామోషీ. ఏం నామోషీయో! కూతురు చూస్తుండగా బేడీలు పడితే అది నామోషీ కాదా? చివరికి లాయరమ్మ చీవాట్లు పెట్టి అర్జీ వేయించింది. పాత బాకీ ఎలాగూ పోదనీ, ఆలస్యం చేసినకొద్దీ మెడకు చుట్టుకుంటుందనీ చెప్పింది.

కోర్టులో పేరు పిలిచేసరికి బయ్యూమి చేయి జేబులో దాచుకుని లేచాడు. జడ్జి కాగితాల్లోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎలా ఉంది నీ పరిస్థితి?"

"అల్లా దయ వల్ల ఏ లోటూ లేదండి."

బుద్ధెరిగినప్పటి నుంచి ఎవరడిగినా చెప్పే జవాబే అది. ఆ ఊళ్లో పస్తున్నవాడూ అదే అంటాడు. లేదని నోటితో అంటే ఉన్నదీ పోతుందని భయం. లాయరమ్మ తల పట్టుకుంది. గుమస్తా రాసేసుకున్నాడు.

లోటు లేకపోతే ఎందుకొచ్చావన్నాడు జడ్జి. వేళ్లు పోయిన చేయి చూపిద్దామంటే అది జేబులోంచి రానంటోంది. జైలే ఇక అనుకున్నాడు బయ్యూమి.

అవతలి బెంచీ మీద నుంచి సబాహ్ లేచింది. విడిపోయిన భార్య. భరణం తగ్గితే నష్టపోయేది ఆవిడే.

"ఆ మాట నమ్మకండయ్యా. ఇంట్లో రొట్టెముక్క లేని రోజు కూడా మా పుట్టింటోళ్లకి ఈ మనిషి ఇదే చెప్పాడు. నా కాపురం చెడగొట్టింది ఈ మాటే." అతని వైపు తిరిగింది. "హనీన్ నాన్నా, చేయి బయటికి తియ్యి."

తీశాడు. జడ్జి అప్పుడు తల ఎత్తాడు. ఆ నెల నుంచి భరణం సగం చేశాడు.

బయట మెట్ల మీద బయ్యూమి కళ్లు తుడుచుకుంటూ, ఎందుకు చెప్పావని అడిగాడు.

"నువ్వు లోపలికెళ్తే ఆ సగం కూడా రాదుగా. మిగతా సగానికి నేను పనిలో చేరాలి. పిల్లని ఎవరి దగ్గర వదలాలో ఏమో."

వీధిలో జీపు చప్పుడైతే అతనికన్నా ముందు ఆవిడే ఉలిక్కిపడింది. ఇన్నాళ్లూ భయపడేది తనొక్కడే అనుకున్నాడు బయ్యూమి.