ఇరవై ఏడు కిలోలు పోయి, రెండు ఎం.ఎల్. వచ్చింది

ముందు పోయినవన్నీ లెక్క చెబుతాను. పదకొండు నెలల్లో నూట నాలుగు కిలోల నుంచి డెబ్బై ఏడుకి దిగాను, అంటే ఇరవై ఏడు కిలోలు పోయాయి. నడుము చుట్టుకొలత ఏడు అంగుళాలు తగ్గింది. బెల్టుకి మేకుతో కొత్తగా నాలుగు బెజ్జాలు పొడిచాను. గురక పోయిందని మా ఆవిడ సలోమి చెబుతుంది, ఆ విషయంలో నాకు స్వయంగా తెలిసే వీలు లేదు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బిఎ1సి తొమ్మిది పాయింట్ ఎనిమిది నుంచి ఆరు పాయింట్ మూడుకి వచ్చింది. రోజూ మింగే బిళ్ళల్లో రెండు ఆగిపోయాయి. పెళ్ళి ఉంగరం జారిపోతుంటే దారం చుట్టుకున్నాను. ఇవన్నీ పోతే బాగుండని నేను అనుకున్నవే, ఉంగరం బిగువు తప్ప. అనుకోకుండా పోయింది ఒక్కటే. నా ముఖం.

నేను రొయ్యల ఏజెంటుని. కాపురం బందరులో, పని నాగాయలంక చుట్టుపక్కల చెరువుల మీద. చెరువులో వల విసిరి, పడిన రొయ్యల్ని తూచి, కిలోకి ఎన్ని తూగుతాయో చెప్పాలి. దాన్నే కౌంట్ అంటాం. ఆ కౌంట్ మీదే రైతుకీ కొనేవాళ్ళకీ మధ్య ధర కుదురుతుంది. చదివింది పదో తరగతి, లెక్కలు నేర్చుకున్నది చెరువు గట్టు మీద.

షుగర్ మా ఇంటికి పాత చుట్టం. మా నాన్నకి ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. నాకు నలభై ఆరో ఏట బయటపడింది. అయిదేళ్ళు గడిచాక, బందరులో మా షుగర్ డాక్టరు గారు నా రిపోర్టులు చూసి, నాన్నగారి కాలు ఏ వయసులో తీశారని అడిగారు. యాభై ఎనిమిదిలో అన్నాను. “అయితే మనకి ఏడేళ్ళుంది. ఊరికే పోనివ్వకూడదు” అన్నారు. వారానికొకసారి పొట్ట మీద వేసుకునే సెమాగ్లూటైడ్ ఇంజక్షన్ రాశారు. మాంసకృత్తులు బాగా తినమన్నారు, బరువులెత్తే వ్యాయామం చెయ్యమన్నారు. చెప్పినవి మూడు, నేను పట్టించుకున్నది మొదటిది ఒక్కటే.

మొదటి రెండు నెలలూ వికారం. రెండో ఇడ్లీ చూస్తే కడుపులో తిప్పేది. తర్వాత వికారం సర్దుకుంది గాని ఆకలి మాత్రం తిరిగి రాలేదు. బరువు నెలకి రెండున్నర కిలోల చొప్పున దిగుతుంటే, చెరువు నీళ్ళు బాగున్నప్పుడు రైతు ముఖంలో కనిపించే ఆనందం నాక్కూడా కలిగేది. ఇంజక్షన్ సంగతి మాత్రం ఎవరికీ చెప్పవద్దని సలోమికి గట్టిగా చెప్పాను. తిండి మానలేక సూది పొడిపించుకున్నాడంటారని నా భయం.

ఏదో తేడా వచ్చిందని నాకు తెలిసింది నాగాయలంక దగ్గర సాంబశివరావు చెరువు మీద. ఆయన పదిహేనేళ్ళుగా తెలిసిన రైతు, నన్ను బావా అంటాడు. ఆ రోజు నేను వల తీయబోతే ఆయన నా చేతిలోంచి లాక్కుని తనే విసిరాడు. నాకు కుర్చీ వేయించాడు. కొబ్బరిబొండం కొట్టించాడు. తూకం అయ్యాక ఒక రొయ్యని తీసి, పెంకుని వేలితో నొక్కి, నా వైపు చూశాడు.

“బావా, తప్పుగా అనుకోకు. లూజ్ షెల్‌లా ఉన్నావు. ఎక్కడన్నా చూపించుకున్నావా?”

లూజ్ షెల్ అంటే లోపల కండ తగ్గిపోయి, పెంకు వదులుగా ఊగే రొయ్య. అలాంటి సరుకుకి ధర రాదు. ఇంటికి వెళ్ళగానే అద్దం ముందు నిలబడ్డాను. కణతలు గుంటలు పడ్డాయి. బుగ్గలు లోపలికి పోయాయి. ముక్కు పక్క నుంచి పెదవి చివరి దాకా రెండు గీతలు దిగాయి, దవడ కింద చర్మం వేలాడుతోంది. రోజూ గడ్డం గీసుకునే నాకు ఇన్నాళ్ళూ అవి కనపడలేదు. కాటా మీద అంకెనే చూసుకుంటూ పైన ఉన్నదాన్ని చూడలేదు.

డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాను. అనుమానం ఉంచుకోకూడదని థైరాయిడ్, చెస్ట్ ఎక్స్‌రే, కడుపు స్కానింగ్ అన్నీ చేయించారు. అన్నీ నార్మల్. “కొవ్వు పొట్టలోంచే పోవాలని మనం రాసివ్వలేం కదండీ. ముఖంలోంచి కూడా పోతుంది. మీరు త్వరగా తగ్గారు, చర్మానికి సర్దుకునే టైము దొరకలేదు. మందు మాత్రం ఆపకండి” అన్నారు.

ఆపను అని చెప్పి వచ్చాను. కానీ ఆ ఆదివారం చర్చిలో పాస్టరు గారు ప్రార్థన చేస్తూ, తీవ్రమైన వ్యాధితో పోరాడుతున్న మన సహోదరుడు దానియేలు గారిని జ్ఞాపకం చేసుకుందాం అన్నారు. ఆ దానియేలుని నేనే, మూడో వరసలో ఉన్నాను. నా పక్కనున్నాయన నా భుజం మీద చెయ్యి వేసి ఏడ్చాడు. బయటికి వచ్చాక స్త్రీల ప్రార్థన కూడికకి పెద్ద అయిన రాహేలమ్మ గారు సలోమిని పక్కకి తీసుకెళ్ళి అడిగారట, “ఎన్నో స్టేజమ్మా?” అని.

శుక్రవారం కూడికంతా మా ఇంటికి వచ్చింది. పన్నెండు మంది వచ్చి గంటన్నర ప్రార్థన చేశారు. రోగిని చూడటానికి ఉత్త చేతులతో వెళ్ళడం మా ఊళ్ళో లేదు. వాళ్ళు తెచ్చినవి లెక్కపెడితే బందరు లడ్డూలు నాలుగు పెట్టెలు, హల్వా ఒక పెట్టె, ద్రాక్షపళ్ళు రెండు కిలోలు. షుగర్ మనిషికి ఇంతకన్నా ప్రమాదకరమైన కూడిక ఉండదు. రాహేలమ్మ గారు స్వయంగా ఒక లడ్డూ నా నోట్లో పెట్టి, “తిను బాబూ, ఇప్పుడు కూడా పథ్యమేంటి” అన్నారు.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. ఇంజక్షన్ ఆపేస్తే బరువు తిరిగొస్తుంది, బరువుతో పాటు ముఖమూ వస్తుంది. లెక్క సరిగ్గానే ఉందనిపించింది. వారం వారం ఇంజక్షన్ వేసుకునే పూట బాత్రూములోకి వెళ్ళి ఊరికే నిలబడి వచ్చేవాణ్ణి. లడ్డూలూ అయిపోయాయి. ఆరు వారాలకి అయిదు కిలోలు తిరిగొచ్చాయి. టేపు పెట్టి కొలిస్తే నడుము రెండు అంగుళాలు పెరిగింది. బుగ్గలకి మాత్రం వీసమెత్తు రాలేదు. పరగడుపు షుగర్ రెండు వందల అరవై ఎనిమిది. పైగా కాలి బొటనవేలి దగ్గర చెప్పు కొరికిన చిన్న పుండు పది రోజులైనా మానలేదు.

ఆ పుండుని మొదట చూసింది సలోమి. ఫ్రిజ్ తలుపు తీసి ఇంజక్షన్ పెన్ను చూసింది. మందు ఆరు వారాల కింద ఎక్కడుందో అక్కడే ఉంది. పెన్ను తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టి కూర్చుంది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

“మీ నాన్నగారి కాలికి రెండేళ్ళు కట్టు కట్టింది నేనండీ. ఆ వాసన నాకు తెలుసు, మీకు తెలీదు. మీ ముఖం ఎలా ఉన్నా నేను చూసుకుంటాను. కాళ్ళు మాత్రం రెండూ ఉండాలి నాకు.”

మర్నాడు పొద్దున్నే ఇద్దరం డాక్టరు గారి దగ్గర ఉన్నాం. పుండు పైపైనే ఉంది, మందులతో మూడు వారాల్లో మానింది. ఇంజక్షన్ మధ్యలో ఇన్నాళ్ళు ఆగింది కాబట్టి మళ్ళీ చిన్న డోసు నుంచే మొదలుపెట్టారు. “ముఖం సంగతి ముఖానికి చూద్దాం, షుగర్ సంగతి షుగర్‌కి చూద్దాం. ఒకదానికోసం ఇంకోదాన్ని చంపుకోకండి” అని, గుడివాడలో స్కిన్ డాక్టరమ్మ పేరు రాసిచ్చారు. అప్పటిదాకా ముఖానికి వైద్యం ఉంటుందనీ, అది కోత లేకుండా జరుగుతుందనీ నాకు తెలియదు. సినిమావాళ్ళ వ్యవహారం అనుకునేవాణ్ణి.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నా బుగ్గని రెండు వేళ్ళతో పట్టి చూశారు, నవ్వమన్నారు, బుగ్గలు పూరించమన్నారు. చర్మం బిగించే మెషిన్ల గురించి ఎవరైనా చెప్పినా ఇప్పుడే వద్దన్నారు. కొన్ని రకాల మెషిన్లు లోపల మిగిలిన కాస్త కొవ్వునీ కరిగించగలవట. నాకు ముందు కావలసింది బిగించడం కాదు, లోపల ఆసరా. హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ అనే జెల్ లాంటి మందుని బుగ్గ లోపల ఎక్కించవచ్చన్నారు. ఏడాదీ ఏడాదిన్నరలో అది దానంతటదే కరిగిపోతుందట. ఎంత పడుతుందని అడిగాను. పక్కకి ఒక ఎం.ఎల్., మొత్తం రెండు అన్నారు. టీ చెంచాకి అయిదు ఎం.ఎల్. అని నాకు తెలుసు. ఇరవై ఏడు కిలోలు పోగొట్టుకున్నవాడికి అర చెంచా కూడా కాదన్నమాట.

అయితే వెంటనే చెయ్యనన్నారు. బరువు మూడు నాలుగు నెలలు ఒకేచోట నిలబడాలి, షుగర్ అదుపులో ఉండాలి, అప్పుడు రమ్మన్నారు. నేను ఉసూరుమంటూ నాగాయలంక వెళ్ళి సాంబశివరావుకి జరిగినదంతా చెప్పాను. ఇంజక్షన్ సంగతి బయటివాళ్ళతో చెప్పడం అదే మొదలు. ఆయన తేలిగ్గా కొట్టిపారేశాడు.

“పెంకు విడిచిన వారంలో చెరువులో రొయ్యలు పడతామా ఏంటి బావా? కొత్త పెంకు గట్టిపడేదాకా ఆగుతాం. ఆవిడ చెప్పిందీ అదే. నువ్వు రోజూ మాకు చెప్పే మాటేగా.”

నిజమే. పెంకు మార్చుకున్న రొయ్య మెత్తగా ఉంటుంది, అప్పుడు పట్టుబడి చేస్తే నష్టం. పరాయి చెరువుల మీద పాతికేళ్ళుగా చెబుతున్న ఆ మాట నా దగ్గరికి వచ్చేసరికి గుర్తురాలేదు.

ఆరు నెలలు ఆగాను. పెరిగిన అయిదు కిలోలూ దిగి, డెబ్బై ఏడు దగ్గర కాటా మూడు నెలలు కదలకుండా ఆగింది. గుడివాడ వెళ్ళేముందు, నేను వేసుకునే ఆస్పిరిన్ సంగతి ఇద్దరు డాక్టర్లూ ఫోనులో మాట్లాడుకుని ఆపొద్దన్నారు, కమిలితే కమలనీ అన్నారు. ఆ రోజు ముఖానికి తిమ్మిరి క్రీము రాసి ముప్పావుగంట కూర్చోబెట్టారు. సూది పట్టుకునే ముందు డాక్టరమ్మ ఒక చిన్న సీసా చూపించారు. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే వెంటనే కరిగించే హైలురోనిడేజ్ అనే మందు అది. “ఇంటికి వెళ్ళాక విపరీతంగా నొప్పి వచ్చినా, చర్మం తెల్లబడినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఫోన్ చేసి వచ్చెయ్యండి” అని సలోమికీ నాకూ రెండుసార్లు చెప్పారు. ఒక సిరంజి ధర తొమ్మిది బస్తాల రొయ్యల మేతతో సమానం. ఆ సీసా చూశాక ఆ ధర మరీ ఎక్కువనిపించలేదు.

నొప్పి పెద్దగా లేదు, లోపల ఎవరో నెడుతున్నట్టు ఉంది. అరగంటలో అయిపోయింది. అద్దం ఇచ్చి నాలుగు వైపుల నుంచీ చూసుకోమన్నారు. చెరువుకి నాలుగు మూలలా వల విసిరినట్టే చూసుకున్నాను. ముఖం ఉబ్బి ఉంది, ఎడమ బుగ్గ మీద అణా బిళ్ళంత కమిలింది. రెండు రోజులకి ఆ మచ్చ ఊదా రంగుకి తిరిగింది. ఆదివారం చర్చిలో రాహేలమ్మ గారు దాన్నే చూస్తూ, “రేడియేషన్ ఇచ్చారా బాబూ?” అన్నారు. పది రోజుల్లో వాపూ మచ్చా పోయాయి. తర్వాత దవడ కింద వదులుకి, సన్నని సూదులతో వేడి పంపే మైక్రోనీడ్లింగ్ ఆర్.ఎఫ్. అనే సిట్టింగులు మూడు, నెలకొకటి చొప్పున చేశారు. దాని వల్ల కాస్త మేలే గాని పెద్ద మార్పు రాలేదు. మొత్తం మీద పాత ముఖం తిరిగి రాలేదు, యాభై రెండేళ్ళ మామూలు ముఖం వచ్చింది. సాంబశివరావు గట్టు మీద నిలబడి పరీక్షగా చూసి, ముప్పై కౌంట్‌కి వచ్చావు బావా అన్నాడు. మా వ్యాపారంలో అది మంచి సైజు.

బుగ్గలు నిండేసరికి చర్చిలో సంతోషం. రాహేలమ్మ గారు పాస్టరు గారితో మాట్లాడి, మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించారు. వ్యాధి నుంచి బయటపడ్డవాళ్ళు అందరి ముందూ సాక్ష్యం చెప్పడం మా ఆనవాయితీ. నలభై మంది వచ్చారు. నాకు క్యాన్సర్ తగ్గిన సాక్ష్యం వినాలని కూర్చున్నారు. ఔనని ఊరుకుంటే ఆ పూట గడిచిపోయేది. సలోమి నా వైపు చూడలేదు, విస్తళ్ళు లెక్కపెడుతున్నట్టు తల వంచుకుంది.

లేచి నిలబడి, నాకు తెలిసిన భాషలోనే, అంకెల్లో చెప్పాను. క్యాన్సర్ ఏ స్టేజీ కాదు, అసలు లేదు. ఉన్నది షుగర్, తొమ్మిది పాయింట్ ఎనిమిది. వారానికో ఇంజక్షన్. సిగ్గుపడి దాచాను, ముఖం చూసి ఆరు వారాలు ఆపాను, కాలికి పుండు తెచ్చుకున్నాను. ఈ బుగ్గల్లో రెండు ఎం.ఎల్. గుడివాడది.

రాహేలమ్మ గారే అన్నారు, “అయితే ఇన్ని నెలలూ మేం దేనికి ప్రార్థన చేసినట్టు?”

“షుగర్‌కండీ. ఆరు పాయింట్ మూడుకి వచ్చింది” అన్నాను.

ముందు పాస్టరు గారు నవ్వారు, తర్వాత అందరూ. భోజనాల దగ్గర ముగ్గురు మగవాళ్ళు విడివిడిగా వచ్చి, తమకీ షుగర్ ఉందనీ ఆ డాక్టరు ఎక్కడుంటారనీ గొంతు తగ్గించి అడిగారు. చివర్లో రాహేలమ్మ గారు నన్ను వాకిట్లోకి పిలిచి, తన బుగ్గ ఒకటి లోపలికి నొక్కి చూపించి, “నాకైతే ఎన్ని పడతాయంటావు బాబూ?” అన్నారు. గుడివాడ వెళ్ళి అడగాల్సిందే అన్నాను.

ఇప్పుడు ఇంజక్షన్ వదలకుండా వేసుకుంటున్నాను. కాళ్ళు రెండూ ఉన్నాయి, రోజూ పడుకునే ముందు సలోమి నా అరికాళ్ళు చూసి గాని లైటు ఆపదు. ఫిల్లర్ కరిగాక మళ్ళీ చేయించాలా వద్దా అన్నది అప్పటి సంగతి. ఈ ఇంజక్షన్ మొదలుపెడుతున్నవాళ్ళకి నా సలహా ఒక్కటే. అద్దం చూసి మందు ఆపకండి, మొదటి వారం నుంచే గుడ్డూ పప్పూ చేపా తింటూ ఏదో ఒక బరువు ఎత్తండి. పోయిన ఇరవై ఏడు కిలోలూ కొవ్వు కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. డాక్టరు గారి దగ్గర ఒంట్లో కండ ఎంతో చూపించే మెషినుంది. మొదటి రోజు అంకెతో పోలిస్తే అందులో అయిదు కిలోల ఎనిమిది వందల గ్రాములు కండే పోయింది. అది సిరంజిలో దొరకదు. అందుకే ఇప్పుడు రొయ్యల ట్రేలు కూలీలతో పాటు నేనూ ఎత్తుతున్నాను. సాంబశివరావు కుర్చీ వేయించడం మానేశాడు. పోయిన నెల మెషిన్ ఎక్కితే రెండు కిలోల వంద గ్రాములు తిరిగొచ్చినట్టు చూపించింది.

నా ఒంటికి నేను ఇంకా బాకీ ఉన్నది మూడు కిలోల ఏడు వందల గ్రాములు.