చెకింగ్

మా దిక్కు డబుల్ బెడ్రూం ఇండ్లల్ల కిరాయికి ఉన్నోళ్లకు చెకింగ్ అంటె ఒక్కటే అర్థం. సర్కారు ఇల్లు ఎవరికిచ్చింది, ఇప్పుడు అండ్ల ఎవలుంటున్నరు అని చూసెటందుకు సార్లు వచ్చుడు. ఇల్లొచ్చినామె ఇంకోతాన ఉండి, ఇల్లు కిరాయికిచ్చిందని తేలితె ఆమె ఇల్లు పాయె, మన నెత్తిమీది కప్పు పాయె. అందుకే మెడల కార్డేసుకోని ఎవలన్న మెట్లెక్కుడు కనవడ్డదా, ఇగ అయిపాయె. కింది అంతస్తుల ఒకామె "చెకింగ్" అంటది, పై అంతస్తుల టీవీలు బందైతయి. ఎవలింట్ల వాళ్లు గొళ్లెం పెట్టుకోని సప్పుడు జెయ్యకుంట కూసుంటరు.

మా అక్క అసొంటి ఇంట్లనే ఉండె, సిద్దిపేటల, రెండో అంతస్తుల. మా బావ రైస్ మిల్లుల బస్తాలు మోస్తడు. నేను రెండు గల్లీల అవతల ఉంట, బట్టలు కుడత. జర తీరిక దొరికితె అక్క తానకే ఉరికేదాన్ని. అక్క సర్వపిండి చేస్తె అంచులు కరకరలాడేటివి. నాకు ఇప్పటికీ రాదు అది. "నీకు ఓపిక లేదే పిల్లా, మంట తక్కువ వెట్టుమంటె పెట్టవు" అని తిట్టేది.

గ్యాసు కనెక్షన్ ఓనరమ్మ పేరు మీదనే ఉండె. ఆమె చంద్లాపూర్ దిక్కు సొంతింట్ల ఉంటది. సిలిండర్ ఆమెదే, పొయ్యి ఆమెదే, నడుమల రబ్బరు పైపు సుత ఆమెదే. ఆ పైపు ఎన్నటిదో ఏమో, ఎండిన బెరడు లెక్క అయ్యింది. పొయ్యికి తొడిగిన కాడ సన్నగ పగుళ్లు. వంటింట్లకు పోతె వాసన గుప్పున కొట్టేది. దానికి తోడు కోతుల బాధ. కిటికీ తెరిస్తె సాలు, లోపలికొచ్చి గిన్నెలు బోర్లిస్తయి. బావ ఇగ లాభం లేదని కిటికీకి రేకు కొట్టిండు. కోతులు ఆగినయి. గాలి కూడ ఆగింది.

"అక్కా, వాసనొస్తున్నదే" అంటె, "బట్టల సబ్బు తడిపి మెత్తిన తియ్యి, తగ్గింది" అన్నది.

నాకు మండింది. "సబ్బుతోని గ్యాసు ఆగుతదానె? నీకేమన్న తెలివున్నదా? పైపు మార్పియ్యి" అని ఒర్రిన.

అక్క ఓనరమ్మకు ఫోన్ జేసింది. నా ముంగటనే జేసింది. "గ్యాసోళ్లను పిలువకుండ్రి, ఎవలమ్మ మీరు అని అడుగుతరు. నేనే వచ్చి మార్పిస్త" అన్నది ఆమె. మనమే బజార్ల కొత్త పైపు కొందమంటె అక్క ఇనలే. ఆమె సామాను మనం విప్పితె రేపు ఒక మాట పడాలె అన్నది. మాట పడుడంటె మా అక్కకు సావంత భయం. ఓనరమ్మ మాత్రం రాలే. ఇయ్యాల రేపు అనుకుంటనే ఉన్నది.

ఒకరోజు పగటీలి అక్కతోని కూసోని పల్లీలు ఒలుస్తున్న. కింద ఎవలో "చెకింగ్" అన్నరు. అక్క దిగ్గున లేసి గొళ్లెం పెట్టింది, ఫ్యాన్ బంద్ జేసింది. ఇద్దరం గోడకు ఒరిగి కూసున్నం. తలుపు కొట్టిండు ఎవలో. "అమ్మా, చెకింగ్" అన్నడు. మళ్ల కొట్టిండు. నాకు నవ్వు ఆగలే. అక్క నా నోరు మూసింది, మూసుకుంట ఆమె కూడ నవ్వింది. ఇద్దరికీ కండ్లల్ల నీళ్లొచ్చినయి. చెప్పుల సప్పుడు మెట్లు దిగినంక గని మేం ఊపిరి పీల్చలే.

పొద్దుమీకి పాలకు పోతె కింద దుకాణామె చెప్పింది. వచ్చింది ఇండ్ల సార్లు కారు. గ్యాసోళ్ల మనిషి. పైపు, రెగ్యులేటర్ చూసి, పాడైతె చెప్తడట. కిరాయోళ్లుంటున్న ఇండ్లల్ల ఒక్కరూ తలుపు తియ్యలేదట. "ఓరి నీ, పైపు చూసెటోడా!" అని అక్క నెత్తి కొట్టుకున్నది. "పోనియ్యి, మళ్లొస్తడు గదా" అన్నది. మళ్లొచ్చినా బాగుండేది. రాలే.

ఆ వారం దాటలే. పొద్దున బావ మిల్లుకు పోయినంక అక్క వంటింట్లకు పోయింది. రేకు కొట్టిన కిటికీ, మూసిన తలుపు, లోపలంత గ్యాసు. లైటర్ నొక్కింది. అంతే. నేను ఉరికొచ్చేసరికి అక్కను చెద్దర్ల సుట్టి ఆటోల పెడుతున్నరు. నన్ను జూసి, "మంట పక్కింటికి అంటలేదు గదనే?" అని అడిగింది. ఆ పరిస్థితిల ఎవలన్న పక్కింటి గురించి అడుగుతరా?

దవాఖానల పోలీసాయన వచ్చిండు. మంచిగనే మాట్లాడిండు పాపం. "అమ్మా, ఆ ఇంట్ల మీరెవరు? కిరాయికి ఉంటున్నరా?" అన్నడు. అక్కకు మూతి అంతా ఉబ్బింది, నాలుక తిరుగుత లేదు. అయినా నిమ్మళంగ అన్నది: "కాదు సార్. మేం చుట్టాలం. ఊకె వచ్చినం."

నేను కొంగు నోట్ల కుక్కుకున్న. ఒళ్లంత కాలిన మనిషి, తను వండిన ఇంట్ల, తను ఊడ్సిన ఇంట్ల, ఊకె వచ్చిన అని చెప్తున్నది. ఎందుకే అక్కా, ఎవల కోసమే? ఆ తర్వాత అక్క మళ్ల మాట్లాడలే. మరునాడు పాణం పోయింది.

అక్కను ఇంటికి తెచ్చినం. ఓనరమ్మ అప్పటికే వచ్చి మెట్ల మీద నిలవడ్డది. ఆమె కూడ పోలీసాయనతోని గదే చెప్పిందట, చుట్టాలని. ఏడుస్తనే ఉన్నది, ఏడుసుకుంటనే మా తొవ్వకు అడ్డమొచ్చింది. "పైకి తేకుండ్రి బిడ్డా. కిరాయికి ఉన్నోళ్ల పీనుగును ఇంట్ల ఎట్ల పెట్టనిస్తరు? మళ్ల ఆ ఇంట్లకు ఎవలొస్తరు?"

బావ తల వంచుకున్నడు. నేను వంచలే.

"చుట్టమన్నవు గదా పెద్దమ్మా" అన్న. గల్లీ అంతా ఇనేటట్టు అన్న. "మా అక్క సచ్చేముందు సుత నీ చుట్టమనే చెప్పింది. చుట్టం సచ్చిపోతె ఇంట్లకు రానియ్యరా?"

ఆమె కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. మెట్ల మీది నుంచి మాత్రం జరగలే. మేం అక్కను కిందనే, బండ్లు నిలవెట్టే జాగల చాపేసి పండవెట్టినం.