గోనెలపేట చెడ్డపేరు

మొన్న ఒక పాత మిత్రుడి సంస్మరణ సభకని విజయనగరం వెళ్ళినప్పుడు, సభ అయ్యాక కాలు నిలవక, ఆటో ఎక్కి నేను పుట్టిన గోనెలపేట పోనివ్వమన్నాను. పాతికేళ్ళు నిండని ఆ ఆటో అబ్బాయి మారుమాట లేకుండా రైలుగేటు దాటించి పేట మొదట్లో ఆపాడు. ఎండకు నోరెండిపోయిందంటూ ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఆవిణ్ణి మంచినీళ్ళడిగి, చెంబెత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని చెంబు తిరిగిచ్చేశాడు. నేను దిగడం మరిచిపోయి అతన్నే చూస్తూ కూర్చున్నాను.

నా ఈడువాళ్ళకు, అందులోనూ ఆ ఊరివాళ్ళకు, అందులో చూడ్డానికేముందో చెప్పనక్కరలేదు. అరవైల చివర ఏ రిక్షావాడూ ఆ గేటు దాటేవాడు కాదు. ఎంత సామానున్నా ఇవతలే దింపేసి, వెనక్కి చూడకుండా తొక్కుకుపోయేవాడు. పేటలో మంచినీళ్ళు తాగడమంటే ఊళ్ళోవాళ్ళకు ప్రాణం మీద ఆశ వదులుకోవడమే. ఇది కులం పట్టింపు అనుకునేరు. అదీ ఊళ్ళో పుష్కలంగా ఉండేది గాని, మా పేట సంగతి వేరు. మా ఆడవాళ్ళకు చిల్లంగి తెలుసునని, చేతబడి చేసి కడుపులో వెంట్రుకలూ గవ్వలూ పుట్టిస్తారని ఊరంతా నమ్మేది. చదువుకున్న ప్లీడర్లూ నమ్మేవారు, వాళ్ళ ఇళ్ళలో అంట్లు తోమేవాళ్ళూ నమ్మేవారు. అంధవిశ్వాసానికున్నంత సమదృష్టి మన సంఘంలో మరి దేనికీ లేదు.

ఈ పేరు ఎలా వచ్చిందో చెబుతాను. పేటలో మగవాళ్ళు కొందరు నెల్లిమర్ల మిల్లుకు, కొందరు గిడ్డంగుల్లో బస్తాలు మోయడానికి వెళ్ళేవారు. ఆడవాళ్ళది చిరిగిన గోనెసంచులు బాగుచేసే పని. బియ్యం వర్తకుల గిడ్డంగుల వెనక రేకుల సాయబానులో వరసగా కూర్చుని, చేతికో దబ్బనం, ఒళ్ళో పురికొస ఉండతో, పొద్దుటినుంచి దీపాలవేళ దాకా కుట్టేవారు. కుట్టడం అయ్యాక ప్రతి మనిషీ పాత చీర అంచు నుంచి లాగిన ఎర్రదారం పోగొకటి సంచి లోపలి మూలన కట్టి ముళ్ళు వేసేది. ఒకామెది ఒక ముడి, మరొకామెది రెండు, మా మేనత్తది మూడు. కుట్టు ఊడి సంచి తిరిగొస్తే ఎవరి చేతిదో తెలియడానికి, వాళ్ళ చేతే మళ్ళీ కుట్టించడానికి పెట్టుకున్న గుర్తు అది. అంతకుమించి అందులో ఏమీ లేదు. కాని ఆ సంచుల్లో బియ్యం ఊరిళ్ళకు వెళ్ళేది. బియ్యం గుమ్మరించుకునే ఇల్లాలికి అడుగున ముళ్ళు వేసిన ఎర్రదారం కనబడేది. ఆ ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా ఇక కారణం వెతుక్కోనక్కరలేకపోయేది.

విచిత్రమేమంటే మా ఆడవాళ్ళు ఒక్కరూ ఇది కాదని ఊరికి చెప్పలేదు. మగవాళ్ళం, ఇల్లెక్కడని ఎవరైనా అడిగితే రైలుగేటు దగ్గరని నసిగేవాళ్ళం. నా మొదటి ఉద్యోగానికి, అంటే ప్రాథమిక పాఠశాలలో మేస్టరు పనికి, పెట్టుకున్న దరఖాస్తులో నేనూ రైలుగేటు వీధి అనే రాశాను. ఆడవాళ్ళు మాత్రం గోనెలపేట అని గట్టిగా, ఎదటివాడు ఒక అడుగు వెనక్కి వేసేలా చెప్పేవారు. అందరిలోకీ మా మేనత్త మరీను. మొగుడు పోయాక మా ఇంటి పక్కనే గుడిసె వేసుకుని, సాయబాను మొత్తానికి పెద్దగా ఉండేది. మా వైపు ఆడవాళ్ళ అలవాటు ప్రకారం నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చేది. నోట్లోంచి చుట్ట తీసి, ఎర్రటి నిప్పు చూపిస్తూ ఆమె మాట్లాడ్డం మొదలుపెడితే గిడ్డంగి గుమస్తా సైతం చేతులు కట్టుకునేవాడు.

నేనా రోజుల్లో ఆదివారం ఆదివారం పఠనాలయంలో జరిగే చర్చలకు వెళ్ళి, దేవుణ్ణీ దెయ్యాన్నీ ఒకే గాటన కట్టి ఎండగట్టడం నేర్చుకున్నవాణ్ణి. ఊరందరి మూఢత్వం ఒక ఎత్తు, అది అబద్ధమని తెలిసీ మా ఇంటి మనిషే దాన్ని పెంచి పోషించడం ఒక ఎత్తు. ఎన్నోసార్లు ఆమెతో వాదించాను. ఆమె నవ్వేసి ఒకటే అనేది:

“ఒరే అల్లుడా, దీపాలెట్టే యేళ మన ఆడగుంటలు బజారంతా దాటుకుని వస్తన్నారు. ఒక్క ఎదవైనా పలకరిస్తన్నాడా? ఆ దారమే మాకు పోలీసురా.”

ఒక ఆదివారం పొద్దున్న ఈ వాదం వీధిలోకొచ్చింది. పేరున్న బియ్యం వర్తకుడి చిన్న కొడుక్కి వారం రోజులుగా జ్వరం. ఎవడో భూతవైద్యుడు ఇంట్లో బియ్యపు సంచి తిప్పి చూడమన్నాడు. మూడు ముళ్ళ దారం దొరికింది. సంచి పట్టుకుని ఆరేడుగురు మగవాళ్ళు, చేతుల్లో కర్రలతో, మొదటిసారి గేటు దాటి మా పేటలోకి వచ్చారు. చిల్లంగి పెట్టిందన్న మనిషికి మంత్రం పలకకుండా ముందరి పళ్ళు పీకేయడం మా జిల్లాల్లో అప్పటికింకా ఉంది. ఆమదాలవలస దాటాక ఒక ఊళ్ళో అలా పళ్ళు పోగొట్టుకున్న ముసలమ్మను మా మేనత్త చిన్నప్పుడు చూసింది. వచ్చినవాళ్ళలో ఒకడి మొలలో పట్టకారు నేనూ చూశాను, ఆమె కూడా చూసింది.

ఈ మూడు ముళ్ళూ ఎవరివని వాళ్ళు అరిచారు. ఇదేమీ కాదు, కుట్టుకు పెట్టుకున్న గుర్తని చెప్పడానికి నేను ముందుకు వచ్చాను.

“నువ్వు నోర్ముయ్యిరా మేస్టరా,” అని మా మేనత్త నన్ను చేత్తో పక్కకి నెట్టి, చుట్ట నోట్లోంచి తీసింది. వాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు.

“నావే. అయితేటి? ఇప్పమంటే ఇప్పుతాను. కానీ దానికొక పద్ధతున్నాది. గుంటడ్ని ఇప్పుడే పెద్దాసుపత్రికి ఎత్తుకెళ్ళండి. డాట్రుబాబు ఇచ్చిన మందు ఒక్క పూట తప్పినాదంటే ముడి మళ్ళీ బిగుసుకుంటాది. అప్పుడు నాను కాదు కదా, నా బాబు దిగొచ్చినా ఇప్పలేడు.”

వాళ్ళ ఎదుటే ఒక్కొక్క ముడీ విప్పింది. వాళ్ళు సంచి అక్కడే పడేసి పరుగెత్తారు. పిల్లవాడికి విషజ్వరమట. ఆసుపత్రిలో మూడు వారాలుండి బతికి బట్టకట్టాడు. కీర్తి మా మేనత్తకు దక్కింది, చెడ్డపేరు రెట్టింపయింది.

నేను సంతోషించలేదు. రేపు మరో బిడ్డకు మందు పనిచెయ్యకపోతే నీ పళ్ళు కాదు, ప్రాణమే తీస్తారని ఆ మధ్యాహ్నమంతా ఆమె మీద అరిచాను. ఇవాళ తలచుకున్నా ఆ మాటలో తప్పు కనబడదు. ముళ్ళ అసలు సంగతి ఎక్కడా చెప్పవద్దని ఆమె నన్ను అడగలేదు. మేనల్లుడి నోటి మీద ఆమెకంత నమ్మకం.

ఆ నమ్మకాన్ని నేను రెండు నెలలు కూడా నిలబెట్టలేదు. పఠనాలయంలో మూఢనమ్మకాల మీద మాట్లాడే వంతు నాకొచ్చింది. ఒక గోనెసంచీ, దబ్బనం, ఎర్రదారం పట్టుకెళ్ళి, సభలో కుట్టి చూపించి, ఒక ముడి ఎవరిది, రెండు ఎవరివి, మూడు ఎవరివి, ఎందుకు వేస్తారు అన్నీ విప్పి చెప్పాను. మేనత్త ప్రాణానికి ముప్పు తప్పించడానికే చెబుతున్నానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను గాని, చప్పట్లు కొట్టినప్పుడు నా గుండె పొంగిన పొంగు ఆమె కోసం కాదు. చప్పట్లు కొట్టినవాళ్ళలో గిడ్డంగి గుమస్తా కూడా ఉన్నాడు.

నెల తిరక్కుండా ఒక సాయంత్రం, సాయబాను నుంచి బయటికి వస్తున్న మా చిన్నాన్న కూతురి చెయ్యి ఆ గుమస్తా పట్టుకున్నాడు. “ఏటే, ఇప్పుడేటి సేస్తావు? ముడేస్తావా?” అన్నాడట. చుట్టూ బస్తాలు దించుతున్న వేరే పేటల కలాసీలు నవ్వారట. మా చెల్లెలు దబ్బనం వాడి ముంజేతిలో దింపి బయటపడింది గాని, మర్నాటినుంచి చిన్నాన్న దాన్ని పనిలోకి పంపలేదు. ఆమె మళ్ళీ దబ్బనం పట్టలేదు. మరో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలనూ మాన్పించేశారు. మిగిలినవాళ్ళు గుంపుగా, తలలు వంచుకుని, బజారు దాటేవారు. టీకొట్ల దగ్గర ఈలలు మొదలయ్యాయి.

ఈలలు మొదలైన మర్నాడు పొద్దున్నే, నేను బడికి బయల్దేరుతుంటే మా మేనత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“నువ్వు సెప్పింది నిజమేరా. నిజం సెప్పినోడివి కదా, ఈ సాయంత్రం నుంచి గిడ్డంగి కాడికి వచ్చి నిలబడు.”

నిలబడ్డాను. బడి అయ్యాక తిన్నగా గిడ్డంగికి వెళ్ళి, వాళ్ళ వెనకాల నడిచి గేటు దాటించి ఇంటికి వచ్చేవాణ్ణి. మొదటి రోజు ఆమె వచ్చిన ఆడవాళ్ళందరినీ వేలితో లెక్కపెట్టుకుని, నాకేసి చూడకుండా ముందు నడిచింది. చర్చల్లో నా పక్కన కూర్చునే మిత్రులనూ రమ్మన్నాను. ఇద్దరు వచ్చారు, మిగిలినవాళ్ళకు పనులుండేవి. మొన్న ఎవరి సభకు వెళ్ళానో ఆ మిత్రుడు ఆ ఇద్దరిలో ఒకడు. రెండేళ్ళు నిలబడ్డాం. తరువాత నాకు కొత్తవలస బదిలీ అయింది.

మా మేనత్త నిండు పళ్ళతో, తన వయసుకు తాను పోయింది. చిల్లంగి పేరున పేటలో మళ్ళీ ఎవరి మీదా కర్ర లేవలేదు. ఆ ఉపన్యాసం ఇవాళైనా ఇస్తాను. కాకపోతే, భయం తీసేసిన చోట ఊరు దానంతటదే మర్యాద నేర్చుకుంటుందని ఆ వయసులో ఎలా అనుకున్నానో నాకు తెలియదు. దానికి ఏ రుజువూ అడగలేదు. ప్రతిదానికీ రుజువడిగేవాణ్ణి.

ఆటో అబ్బాయిని పంపేసి సాయంత్రం దాకా పేటలో తిరిగాను. గిడ్డంగి లేదు, గోనెసంచులు లేవు. ఎర్రదారం సంగతి ముసలివాళ్ళకే లీలగా గుర్తు. పేటకు ఇప్పుడు చెడ్డపేరూ లేదు, మంచిపేరూ లేదు, నాలుగు వీధుల్లో అదీ ఒకటి. దీపాలవేళకు గేటు దగ్గరికొస్తే, బట్టల దుకాణంలో పనిచేసే పిల్ల ఒకతె సంచి గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. అటు టీకొట్టు దగ్గర నలుగురు కుర్రాళ్ళు. ఇల్లెక్కడమ్మా అంటే గోనెలపేటే అంది, కనబడేంత దూరం. మరి నిలబడ్డావేమని అడిగాను.

“తమ్ముడు వస్తాడు తాతా. ఒక్కర్తినీ రావద్దన్నారు.”

నా రైలుకు వేళవుతోంది. అయినా ఆ తమ్ముడు వచ్చేదాకా, ఆమెకు నాలుగడుగుల దూరంలో, గేటు పక్కన నిలబడ్డాను.