ఒక్క చోట నిలబడి తేల్చకండి

మొన్న మంగళవారం పొద్దున్నే రాజమండ్రి నుంచి ఫోన్ వచ్చింది, మా హామ్ రేడియో మాస్టారు పోయారని. నిద్రలోనే పోయారట. పోనీలే, అదైనా సుఖంగా జరిగింది అనుకున్నాను. ఆ పెద్దాయన బతుకులో సుఖంగా జరిగినవి తక్కువ.

కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. ఆదివారాలు మాత్రం, సరదాకి సొంత వైర్‌లెస్ సెట్లతో మాట్లాడుకునే మా హామ్ క్లబ్బు వాళ్ళతో దొంగాటే. ఎవరో ఒకరు కడియం నర్సరీల్లో సిగ్నల్ పంపే చిన్న ట్రాన్స్‌మిటర్ దాచేవారు. మేం చేతిరేడియోలు పట్టుకుని స్కూటర్ల మీద తిరుగుతూ దాన్ని పట్టుకోవాలి. రేడియోని గుండెలకి ఆనించుకుని మెల్లగా తిరగడం ఆయన నేర్పిందే. ఒళ్ళు అడ్డుపడి సిగ్నల్ ఎక్కడ సన్నగిల్లితే, దాచింది మన వీపు వైపు ఉన్నట్టు. మొక్కల మధ్య మేమంతా గుండ్రంగా తిరుగుతుంటే కూలీలు "ఏంటండీ, పూనకమా?" అని నవ్వేవారు. "ఒక్క చోట నిలబడి తేల్చకండి. ఇంకో చోటికెళ్ళి చూడండి. రెండు చోట్ల నుంచీ సిగ్నల్ వైపు గీతలు గీసి, అవి కలిసిన చోట వెతకండి" అని మాస్టారు అరిచేవారు. వినలేదో, అంతే సంగతులు, ఆ రోజు టీ కూడా ఇప్పించేవారు కాదు!

తొంభైల్లో తుఫాను కొట్టిన ఏడు కోనసీమలో ఫోన్లన్నీ చచ్చిపోయాయి. మాస్టారి తమ్ముడుగారూ హామే. కబుర్లు అందించడానికి రేడియోతో ఊరూరూ తిరుగుతున్నారు. ఉన్నట్టుండి ఆయన మాట ఆగిపోయింది. ఎవరో మాట్లాడే మీట నొక్కి పట్టుకున్నట్టు మా రేడియోలో సిగ్నల్ చూపే ముల్లు మాత్రం లేచి ఉంది. అంటే మనిషున్నాడు. కానీ ఎక్కడ? బ్యాటరీ అయిపోయేలోగా పట్టుకోవాలి.

జీపులో బయల్దేరాం. కాలవ గట్టు మీద దిగి మాస్టారు ఒక్క చుట్టు తిరిగారు. "అదిగో, రైస్ మిల్లు వైపు!"

"ఇంకో చోట కూడా చూద్దామండీ" అన్నాను.

"తమ్ముడమ్మా వాడు! ఎక్కు బండి!" అని కసిరారు.

మిల్లు దగ్గర ఎవరూ లేరు. దాని రేకుల షెడ్డుకి తగిలి సిగ్నల్ వెనక్కి వస్తోందంతే. దేవుడా! వేరే గట్టు మీదకెళ్ళి చూస్తే, ఆయన ఉన్నది నదిపాయ అవతల లంకలో. పడవ దొరికేలోగా ముల్లు పడిపోయింది. మాస్టారు రేడియోని చెవికి అదుముకుని "ఒరేయ్... ఒరేయ్..." అంటూనే ఉన్నారు.

ఆ తర్వాత కూడా ఆయన ఆదివారాలు మానలేదు. ఆ పొరపాటు దాచనూ లేదు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. అంత బాధని పాఠం చేసి మాకు పెట్టినందుకు ఆయనకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. పడవ దిగాక జరిగింది మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేను చూశాను.

లంకలో బడి గోడ కూలి, దాని కింద కాళ్ళు ఇరుక్కుని ఉన్నారు తమ్ముడుగారు. ఒళ్ళు చల్లబడిపోయింది. బొటనవేలు ఇంకా మీట మీదే బిగుసుకుని ఉంది. మాస్టారు ఆ బురదలో పక్కన కూర్చున్నారు. "చాల్లేరా, వదిలెయ్. వచ్చేశాన్రా" అంటూ ఆ వేలిని మెల్లగా ఎత్తబోయారు. ఎంతకీ రాలేదు.