అత్తగారెక్కిన సబ్‌మెరైన్

మా బావ వెంకటనర్సయ్య సముద్రం చూడలేదు. ఆయన చూసిన అతి పెద్ద నీళ్లు శామీర్‌పేట చెరువే, అదీ నిండి అలుగు దుంకిన ఏడు మా అక్కను వెంటబెట్టుకుని పోయి చూసిందే. అట్లాంటి మనిషి సబ్‌మెరైన్ యుద్ధం మీద నవల రాశాడు. బామ్మర్దిని కాబట్టి నవ్వే హక్కు అక్క పెళ్లినాడే నాకు వచ్చింది. కడుపునిండా నవ్వాను.

జీడిమెట్లలో ఒక కంపెనీలో ఆయన బాయిలర్ ఆపరేటర్. కిటికీ లేని గది, నెత్తి మీద పైపులు, కళ్లెప్పుడూ ప్రెజర్ మీటరు ముల్లు మీదే. "సబ్‌మెరైన్ అంటే గిదే గదరా, సుట్టూ నీళ్లు లేవంతే" అనేవాడు. షిఫ్టు దిగి వచ్చి, అన్నం తిన్న చెయ్యి ఆరకముందే రాయడానికి కూర్చునేవాడు. ఆ నవల రాసినన్నాళ్లూ మా అక్క రాధమ్మ మొగుణ్ని "ఓ కెప్టెనూ, కిరోసిన్ అయిపోయింది" అనే పిలిచింది.

2001లో చిక్కడపల్లిలో ఒక ప్రెస్సాయన దాన్ని అచ్చు వేశాడు. పేరు 'ఉప్పునీటి ఉక్కుచేప'. పేరు విని మళ్లీ నవ్వాను. ఈసారి బావ నవ్వలేదు.

"సదివినోళ్లు బాగుందంటే రెండోది రాస్త. లేకుంటే షురూ జేసిన కాయితాలు బాయిలర్ల ఏస్త. ఇగ పెన్ను వట్ట" అన్నాడు.

ఆయన అన్నాడంటే చేస్తాడు. బీడీ కూడా అట్లాగే ఒక్క మాటతో మానేశాడు. నాకు నవ్వు పోయి భయం పట్టుకుంది. రాసే రోజుల్లో ఆ మనిషి ఎంత సంబరంగా ఉండేవాడో దగ్గరుండి చూసినవాణ్ని నేనే.

మేడ్చల్ బస్టాండు దగ్గర జమాలుద్దీన్‌ది అద్దె పుస్తకాల దుకాణం. అక్కడొక రివాజు ఉంది. పుస్తకం వాపసు ఇచ్చినవాళ్లు స్టూలు మీద కూర్చుని అది ఎట్లుందో చెప్పాలి. చెప్పనిదే ఇంకో పుస్తకం చేతికి రాదు. ఇంకో అలవాటు కూడా ఉంది. లావు నవల వస్తే జమాలుద్దీన్ దాన్ని మధ్యకు కోసి రెండు భాగాలు చేసేవాడు, అద్దె రెండుసార్లు వస్తుందని. ఇంట్లో ఆయన భార్య సాలేహా మైదా జిగురు పెట్టి, అట్టలు అతికించి, బైండింగ్ చేసేది. ఆమెకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదువంతా ఉర్దూలో. పేజీ నంబర్లు చూసి సగాలు జతచేసేది.

బావ నవల కూడా అట్లాగే రెండు భాగాలై అక్కడ అద్దెకు పోతోందని తెలిసి, ఒక ఆదివారం బావా నేనూ పోయి దుకాణంలో బెంచీ మీద కూర్చున్నాం. రాసింది ఈయనేనని ఎవరికీ చెప్పొద్దని జమాలుద్దీన్‌తో ముందే మాట తీసుకున్నాం.

మొదట అన్వేష్ వచ్చాడు, బావ నవల పోయిన వారమే ఇచ్చేసి ఇప్పుడు ఇంకోదాని కోసం. తుర్కపల్లి ల్యాబులో ఉద్యోగం, కంపెనీ కారులో పోతూ వస్తూ చదివే పిల్లవాడు. "మస్తుంది అన్నా. లైట్లన్ని ఆరిపోతయి, కెప్టెన్ పడిపోతడు, ఫస్ట్ పార్ట్ ఖతం. రెండో పార్ట్ తీస్తే వంటిల్లు. సచ్చేముందు మనిషికి ఇల్లే యాదికొస్తది గదా. ఏం టెక్నిక్ అన్నా" అన్నాడు.

బావ నా తొడ గిల్లాడు. "వంటిల్లు నేనేడ రాసిన్రా?"

తర్వాత ప్లాట్లు అమ్మించే శంకరయ్య వచ్చి కూర్చున్నాడు. "ఫస్టు జర మిషన్ల ముచ్చట ఎక్కువుంది గని, రెండో దాంట్ల అత్త వచ్చినంక చూడు. శత్రువుల టార్పెడో ఏం పనికొస్తది గామె నోటి ముంగట? సబ్‌మెరైన్‌ల అత్తను వెట్టిండంటే రాసినోడు సంసారి" అన్నాడు.

బావ లేచి, శంకరయ్య చేతిలోని రెండో భాగం లాక్కుని తెరిచాడు. అట్ట మీద ఉక్కుచేప. లోపల పెద్దకోడలు మామిడికాయలు కొడుతోంది. అదే ప్రెస్సులో అచ్చయిన 'పెద్దకోడలి పెట్టె తాళం' అనే నవల రెండో సగం అది. అదే సైజు, అదే కాయితం, కోసిన చోట పేజీ నంబరు కూడా అదే.

జమాలుద్దీన్ తలపట్టుకుని వెనక ఇంట్లోంచి సాలేహాను పిలిచాడు. ఆమె ఉక్కుచేప రెండు భాగాలూ తిప్పి చూసింది. "నంబర్లు బరాబర్ కలిసినయి గదా" అంది.

నాకు నవ్వు ఆగలేదు. శంకరయ్యకు కూడా ఆగలేదు. బావ మొహం చూశాక మింగేశాను. ఆయన ముగింపు ఒక్కరూ చదవలేదు. పొగిడిన పొగడ్తంతా ఎవరో రాసిన అత్తకు పోయింది. బావ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. "పోదాం పారా. గా కాయితాల సంగతి రేపు షిఫ్టుల జూస్కుంట" అన్నాడు. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు.

గడప దగ్గరే ఎదురుపడింది లక్ష్మీకాంతమ్మ. శామీర్‌పేటలో పెద్ద పట్టాదారు ఇంటి ముసలామె, నవలల కోసం ఒక్కతే బస్సెక్కి వస్తుంది. పెట్టె తాళం రెండో భాగం చంకలో ఉంది. అంటే దాని లోపల ఉన్నది బావ రెండో సగం. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఎవరూ అడగకముందే స్టూలు మీద కూలబడింది.

"మొదటి దాంట్ల సిన్న మరిది అన్నం ముంగటినుంచి లేచిపోయిండు గదా, ఆడు పోయి నీళ్లలోపటి ఓడల జేరిండు" అంది.

"అది వేరే కథ అమ్మా, బైండింగ్‌ల..." అని జమాలుద్దీన్ మొదలుపెట్టాడు.

"నువ్వూకో. ఇంట్ల కొట్లాడి పోయినోడు పేరు మార్చుకోడా? నాకు ఎర్కలేదా? నీళ్లు లోపటికొస్తుంటే అందర్ని అవుతలికి తోలి, లోపటినుంచి తలుపు బిగించిండు పిలగాడు. పానాతోని గోడ మీద కొడ్తనే ఉన్నడు. ఇవుతల దోస్తులు చెవులు వెట్టి ఇంటున్నరు. గా సప్పుడు ఆగినంక నాకు బువ్వ మింగుడువడలే."

బావ గడప దాటలేదు. వెనక్కి వచ్చి ఆమె ముందర నిలబడ్డాడు. "ఆడు సచ్చిపోయిండు, అవ్వా" అన్నాడు మెల్లగా.

"నీకెట్ల ఎర్క? సప్పుడు ఆగిందనే ఉన్నది. సచ్చిండని యాడున్నది?"

"నేనే రాసిన."

లక్ష్మీకాంతమ్మ ఆయన్ని కిందికీ మీదికీ చూసింది. తిడుతుందనుకున్నాను. ఆమె లేచి బావ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నువ్వే వెట్టినవా ఆడ? అయితే నువ్వే తియ్యాలె కొడుకా. ఇంకో బుక్కు రాసి తియ్యి. మల్ల ఐతారం వస్త, గప్పటిదాంక పిలగానికి జర గాలన్న ఆడనియ్యి."

మా బావ కళ్లు తుడుచుకోలేదు, ఒక చెయ్యి ఆమె పట్టులో ఉంది. రెండో చెయ్యి జమాలుద్దీన్ ముందు చాచి, పెన్ను అడిగాడు.